సైకిల్ వెనక చక్రం జారుతోందా? మొదట డ్రాపౌట్ చూడండి

కస్టమ్ ఫ్రేమ్ చేయించుకునేవాళ్లు ట్యూబుల గురించి, రంగు గురించి తెగ ఆలోచిస్తారు, వెనక ఇరుసు కూర్చునే గాడి ముక్క, అంటే డ్రాపౌట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం "మీ ఇష్టం, ఏదో ఒకటి పెట్టేయండి" అంటారు. తర్వాత మార్చాలంటే తడిసి మోపెడవుతుంది: పాతది కోసి, కొత్తది అతికించి, మళ్లీ పెయింట్.

చైన్ వేలాడుతోంది, బిగించే దారి లేదు

సింగిల్ స్పీడ్ (ఒకే గేరు) బండికి వర్టికల్ డ్రాపౌట్, అంటే కిందికి తెరుచుకునే నిలువు గాడి పెట్టారన్నమాట. ఆ గాడిలో చక్రం ముందుకీ వెనక్కీ జరగదు. గేర్ల బండికైతే వదులుగా ఉన్న చైన్‌ని గేర్లు మార్చే డెరైలర్ లాగి పట్టుకుంటుంది కాబట్టి అదే మంచిది. ఫ్రేమ్ అయిపోయి ఉంటే చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనరో, చైన్ పొడవుని అర అంగుళం మార్చే హాఫ్ లింకో పెట్టుకోవడమే. ఇంకా మొదలుకాకపోతే డ్రాపౌటే ముందుకీ వెనక్కీ జరిగే స్లైడింగ్ డ్రాపౌట్ గానీ, గాడి వెనక్కి తెరుచుకునే ట్రాక్ ఎండ్ గానీ అడగండి, జరిగే చోటు 13 మి.మీ.కి తగ్గకుండా చూసుకోండి. ఎందుకంటే చైన్ నుంచి ఒక జత లింకులు, అంటే అంగుళం తీస్తే ఇరుసు అర అంగుళం, అంటే 12.7 మి.మీ. ముందుకు రావాలి. చోటు అంతకన్నా తక్కువుంటే ఆ లింకు జత ఉంచితే చైన్ వదులు, తీస్తే అందదు.

గట్టిగా తొక్కితే టైరు ఎడమ చైన్‌స్టేకి (పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకి వెళ్లే ట్యూబుకి) రాసుకుంటోంది

చైన్ లాగుడికి కుడివైపు ఇరుసు గాడిలో ముందుకు జారుతోంది. అడ్డంగా గాడి ఉండే హారిజాంటల్ డ్రాపౌట్‌కి తేలికపాటి అల్యూమినియం క్విక్ రిలీజ్ (మీట తిప్పి చక్రం బిగించేది) పెడితే ఇదే గతి. బిగించే కామ్ లోపల దాగి ఉండే స్టీల్ క్విక్ రిలీజ్ వేయండి, లేదా నట్ల ఇరుసుకి మారి, ఇరుసుని వెనక్కి లాగి పట్టే చైన్ టగ్ పెట్టండి. అంతకన్నా ముందు నట్టు ఆనే చోట పెయింట్ మందంగా ఉందేమో చూడండి, ఉంటే లోహం కనపడేదాకా గీకేయండి, మెత్తటి పెయింట్ మీద ఏ బిగింపూ నిలవదు.

చైన్ సరిచేసిన ప్రతిసారీ డిస్క్ బ్రేక్ రాసుకుంటోంది

ట్రాక్ ఎండ్‌లో చక్రం జరుగుతుంది, ఫ్రేమ్‌కి బిగించిన క్యాలిపర్ (డిస్క్‌ని నొక్కే భాగం) జరగదు. డిస్క్ కావాలంటే క్యాలిపర్ కూడా ఇరుసుతో పాటే కదిలే స్లైడింగ్ డ్రాపౌట్ తీసుకోండి. బరువు, ఖర్చు పెరుగుతాయి, బోల్టులు వదులైతే కిరకిరలాడతాయి, అయినా నా ఓటు దానికే.

కొత్త చక్రం పట్టడం లేదు

రెండు డ్రాపౌట్ల మధ్య దూరం తేడా. ట్రాక్ రేసు బండ్లు 120, పాత రోడ్ బైకులు 126, తర్వాతివి 130, క్విక్ రిలీజ్ డిస్క్ బండ్లు 135, త్రూ యాక్సిల్ (డ్రాపౌట్ రంధ్రాల్లోంచి దూర్చి బిగించే ఇరుసు) అయితే 142 లేదా వెడల్పైన బూస్ట్ రకం 148 మి.మీ. స్టీల్ ఫ్రేమ్‌ని 126 నుంచి 130కి సాగదీయొచ్చు, కానీ ఆ తర్వాత రెండు డ్రాపౌట్లూ సమాంతరంగా ఉన్నాయో లేదో గేజ్‌తో చూడాలి, లేకపోతే ఇరుసు వంగుతుంది. అల్యూమినియం, కార్బన్‌ల జోలికి పోవద్దు.

బెల్ట్ ఎక్కడం లేదు

చైన్ బదులు వేసే మామూలు బెల్ట్‌ని చైన్‌లా విడదీయలేం. అందుకే సాధారణంగా కుడివైపు వెనక ఫ్రేమ్‌లో విడదీసి మళ్లీ బిగించే అతుకు ఉండాలి, ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాలి.