ముక్కూ మొహం తెలియనివాళ్లకు సాయం చేయాలంటే మొహమాటమా? ఇలా మొదలుపెట్టండి

ఎవరో ఇబ్బంది పడుతున్నట్టు కనిపిస్తుంది, వెళ్లి అడుగుదామా అనిపిస్తుంది, ఈలోపు "ఏమనుకుంటారో, మనకెందుకులే, ఎవరో ఒకరు చూసుకుంటారులే" అనుకుంటూ నాలుగడుగులు ముందుకు వేసేస్తాం, ఆ తర్వాత చాలాసేపు మనసు పీకుతూనే ఉంటుంది. మనసు రాయి కాబట్టి ఆగిపోయేవాళ్లు నా ఉద్దేశంలో చాలా తక్కువ. మనలో ఎక్కువమందిని ఆపేవి తొందర, మొహమాటం, ఈ రెండే. రెండింటికీ మందు ఉంది, ఇక్కడ రాసేది దాని గురించే. దయ ఎంత గొప్పదో చెప్పే ఉపన్యాసాలు ఇప్పటికే బోలెడున్నాయి, వాటిని వదిలేద్దాం.

ముందు తొందర సంగతి. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు మతబోధకులు కావాలని చదువుకుంటున్న ప్రిన్స్‌టన్ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఒకటుంది, 1973లో అచ్చయింది. పక్క భవనంలో మాట్లాడాలి వెళ్లండి అని ఒక్కొక్కరినే పంపించారు. దారిలో ఒకతను గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతూ ఉంటాడు. ఇంకా టైముందని చెప్పి పంపినవాళ్లలో 63 శాతం మంది ఏదో ఒక రకంగా సాయపడ్డారు. ఇప్పటికే ఆలస్యమైపోయిందని తరిమినవాళ్లలో 10 శాతమే. వాళ్లలో కొందరు వెళ్లి మాట్లాడాల్సిన విషయం ఏమిటో తెలుసా? దారిలో దెబ్బలు తిని పడి ఉన్న పరాయివాడిని ఆదుకున్న మంచి సమరయుడి కథ, బైబిల్లోది! కథ బుర్రలో తిరుగుతున్నా కాళ్లు మాత్రం ఆగలేదు.

అందుకని మొదటి సలహా కాస్త బోరింగ్‌గానే ఉంటుంది: ఎక్కడికి వెళ్లాలన్నా ఓ పది నిమిషాలు ముందే బయలుదేరండి. స్వభావం మార్చుకోవడం కంటే ఇది చాలా తేలిక. నిజంగానే ఆలస్యమైన రోజు తప్పు చేసినట్టు కుమిలిపోనక్కర్లేదు, దగ్గర్లో ఉన్న సెక్యూరిటీ అతనితోనో, ఖాళీగా నిలబడ్డ మనిషితోనో "అక్కడ ఒకాయన కూలబడిపోయారు, కాస్త చూడండి" అని చెప్పి వెళ్లండి. దానికి పట్టేది అయిదారు సెకన్లు.

మొహమాటం ఇంకొంచెం మొండిది. పరిచయం లేనివాళ్లను మెచ్చుకోవాలంటే కూడా నాలుక తిరగదు. ఎరికా బూత్‌బీ, వనెసా బోన్స్ 2021లో ప్రచురించిన పరిశోధనలో కొంతమందిని ముక్కూ మొహం తెలియనివాళ్ల దగ్గరికి పంపి ఒక చిన్న మెచ్చుకోలు మాట చెప్పమన్నారు. వెళ్లేముందు వీళ్లంతా అవతలివాళ్లు ఇబ్బంది పడతారని, పెద్దగా సంతోషించరని అంచనా వేశారు. తీరా అడిగి చూస్తే ఆ మాట విన్నవాళ్లు వీళ్లు ఊహించినదానికంటే ఎక్కువ సంతోషపడ్డారు, తక్కువ ఇబ్బంది పడ్డారు. మన టెన్షన్ అంతా "నేను సరిగ్గా మాట్లాడానా లేదా" అన్నదాని మీదే ఉంటుంది, వినేవాళ్లు అది పట్టించుకోరు, పలకరించారు కదా అనుకుంటారు అంతే. ఒక్క జాగ్రత్త. మెచ్చుకునేటప్పుడు ఒంటి గురించి, అందం గురించి కాకుండా వాళ్లు చేసిన పని గురించో, ఎంచుకున్న వస్తువు గురించో అనండి, అని అక్కడి నుంచి కదలండి. మెచ్చుకుని అక్కడే నిలబడితే ఏదో ఆశిస్తున్నట్టు ఉంటుంది.

ఎలా అడగాలి

"ఏమైనా హెల్ప్ కావాలా?" అని అడిగి చూడండి, పదిమందిలో ఎనిమిదిమంది ఆలోచించకుండానే "అబ్బే వద్దండీ, పర్లేదు" అంటారు. వాళ్లకు నిజంగా అవసరం లేక కాదు, ఏం అడగాలో అప్పటికప్పుడు తట్టదు, పైగా మనం ఎంతవరకు చేస్తామో తెలియదు. అందుకే చేయగలిగిన పనేదో మనమే చెప్పాలి. "ఈ బ్యాగు మెట్ల పైదాకా నేను పట్టుకోనా?", "నా దగ్గర రెండే వస్తువులున్నా పర్లేదు, బాబు ఏడుస్తున్నాడు కదా, మీరు ముందు బిల్లు వేయించుకోండి", "అడ్రసు వెతుకుతున్నారా, మ్యాప్‌లో చూపించనా?" అని. ఇలా అడిగితే అవుననో కాదనో చెప్పడం వాళ్లకు తేలిక.

వద్దంటే వద్దనే. ఒకసారి అడిగాం, వద్దన్నారు, సరేనండీ అని నవ్వి వెళ్లిపోవడమే. బతిమాలి సాయం చేయడం అంత విసుగు పుట్టించేది ఇంకోటి లేదు. వాళ్లు మొహం చిట్లించినా మనసులో పెట్టుకోవద్దు, ఆ రోజు వాళ్లకు ఏం జరిగిందో మనకేం తెలుసు.

అడిగేటప్పుడు ఎక్కడ నిలబడ్డామన్నది కూడా ముఖ్యమే. వెనక నుంచి వెళ్లి భుజం తట్టొద్దు, ఎదురుగా కనపడేలా వచ్చి రెండు మూడు అడుగుల దూరంలో ఆగండి, వాళ్లు వెళ్లాలనుకుంటే వెళ్లే దారి వదలండి. మగవాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను: చీకటిపడ్డాక ఒంటరిగా ఉన్న ఆడమనిషికి "రండి, నేను దింపుతాను" అనడం మీకు మంచితనంగానే అనిపించొచ్చు, ఆమెకు మాత్రం గుండె దడ. దానికి బదులు "ఎవరికైనా ఫోన్ చేయాలా? వాళ్లు వచ్చేదాకా నేను అటువైపు నిలబడతాను" అనండి. ఆమె వెనకాలే నడవాల్సి వస్తే రోడ్డుకు అవతలి పక్కకు మారిపోవడం కూడా సాయమే, ఆమెకు మీరు చేసినట్టు తెలియకపోయినా.

మంచి చేయబోయి ఇబ్బంది పెట్టే చోట్లు

చూపు లేనివారు రోడ్డు పక్కన నిలబడితే చాలామంది చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోతారు. ఆయన అసలు రోడ్డు దాటాలనుకుంటున్నారో లేదో కూడా అడగరు. ముందు మాట్లాడాలి, ఆయనతోనే మాట్లాడుతున్నట్టు తెలియాలి: "మీ కుడిపక్కన ఉన్నానండీ, రోడ్డు దాటడానికి తోడు రానా?" సరే అంటే మీ మోచెయ్యి అందించండి, ఆయనే పట్టుకుంటారు, మీరు ఒక అడుగు ముందు నడుస్తారు. మెట్టు వస్తే పైకా కిందికా చెప్పండి. "ఇటు, అటు" అంటే ఆయనకు అర్థం కాదు, కుడి ఎడమ అనాలి. దాటించాక చెప్పకుండా మాయమైపోవద్దు, పక్కన ఉన్నారనుకుని ఆయన గాలితో మాట్లాడుతూ ఉంటారు. ఆయన చేతికర్రను, దారి చూపే కుక్కను మాత్రం ముట్టుకోవద్దు.

వీల్‌చైర్ కూడా అంతే, అది కూర్చున్నవాళ్ల ఒంటిలో భాగం లాంటిది, అడక్కుండా తోయకూడదు. పక్కన తోడుగా ఎవరైనా ఉంటే చాలామంది ఆ తోడు మనిషిని "ఈయనకేం కావాలి?" అని అడుగుతారు, కుర్చీలో ఉన్న మనిషి వింటూనే ఉంటారు. ఆయన్నే అడగండి. నత్తి ఉన్నవాళ్లు మాట్లాడుతుంటే మాట అందించడం, "కంగారు పడకండి, నెమ్మదిగా చెప్పండి" అనడం రెండూ వద్దు, మామూలుగా మొహం చూస్తూ వినండి.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నలుగురూ కలిసి గట్టిగా అదిమిపట్టడం చూస్తుంటాం. ఏదీ పనిచేయదు, పైగా పళ్లు విరుగుతాయి, భుజాలు పట్టు తప్పుతాయి. చేయాల్సింది చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరపడం, తల కింద మెత్తటిదేదైనా పెట్టడం, టైము చూసుకోవడం. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సు పిలవాలి, ఒకటి ఆగి వెంటనే ఇంకోటి వచ్చినా, తర్వాత ఊపిరి సరిగ్గా ఆడకపోయినా అంతే. కదలికలు ఆగాక మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు తాగించొద్దు. గుంపును కాస్త దూరం జరపడం, ఫోన్లలో వీడియో తీసేవాళ్లను ఆపడం కూడా మీరే చేయాలి, తెలివి వచ్చిన మనిషికి ముందు కనిపించేవి ఆ ఫోన్లే మరి.

తప్పిపోయిన పిల్లలు కనిపిస్తే ఎత్తుకుని వెతుక్కుంటూ తిరగొద్దు. అమ్మానాన్నలు వెనక్కి వచ్చేది పిల్లాడు ఆఖరుగా కనిపించిన చోటికే, కాబట్టి అక్కడే ఉండండి, పిల్లాడి కళ్లకు సమానంగా ఉండేలా మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడండి, పక్కన ఇంకో మనిషిని కూడా నిలబెట్టుకోండి, ఆ చోటు సిబ్బందికో పోలీసులకో కబురు పంపండి. పిల్లాడి పేరు గట్టిగా అరిచి అందరికీ చెప్పొద్దు. ఎవరైనా వచ్చి మా బాబే అంటే పేరు, వేసుకున్న బట్టలు వాళ్ల నోటితో చెప్పనివ్వండి.

బస్సులోనో క్యూలోనో ఒకమ్మాయిని ఎవడో వేధిస్తుంటే వాడితో తగువుకు దిగడం ఒక్కటే దారి కాదు, అది ఒక్కోసారి ఆమెకే ప్రమాదం. వాడిని పట్టించుకోకుండా నేరుగా ఆమెతోనే మాట్లాడండి, "అరే, నువ్వా! ఎన్నాళ్లయింది చూసి" అని పక్కన వచ్చి నిలబడండి, లేదా టైమెంతండీ అని అడగండి. వాడి ఊపు అక్కడే తగ్గుతుంది. లేదంటే కండక్టర్‌కు చెప్పండి. వీడియో తీసి ఉంటే అది ఆమెకే ఇవ్వండి, ఎక్కడ పెట్టాలో పెట్టకూడదో ఆమె ఇష్టం.

పోయిన వస్తువులు దొరికితే

ఫోన్ దొరికితే స్విచాఫ్ చేయొద్దు, పోగొట్టుకున్నవాళ్లు చేసే కాల్ రావాలి కదా. తాళం వేసి ఉన్నా చాలా ఫోన్లలో ఎమర్జెన్సీ నంబర్లు తెరవొచ్చు. పర్సు దొరికితే అక్కడే కౌంటర్ ఉంటే అక్కడ ఇవ్వడం మంచిది, కార్డుల ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దే వద్దు, దొంగకు మనమే వివరాలన్నీ అందించినట్టు అవుతుంది. జనం పర్సులు తిరిగివ్వరని అనుకునేవాళ్లకు ఒక సంగతి: 40 దేశాల్లో 17,000కు పైగా పర్సులతో చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, డబ్బు లేని పర్సుల కంటే డబ్బున్న పర్సులే ఎక్కువగా తిరిగొచ్చాయి.

ఎవరికీ తెలియకుండా చేసేవి నాకు ఇంకా ఇష్టం. పగిలిన గాజును నాలుగు పొరల కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి, పైన "గాజు" అని రాసి చెత్తలో వేయడం, ఎందుకంటే ఆ సంచిని ఎత్తేది ఉత్త చేతులతో ఒక మనిషి. రాత్రి ఎదురుగా బండి వస్తుంటే హై బీమ్ తగ్గించడం. మీకు సాయపడ్డ ఉద్యోగి పేరు గుర్తుపెట్టుకుని ఆ సంస్థకు రెండు లైన్లు మెయిల్ రాయడం, ఫిర్యాదులు అందరూ రాస్తారు, ఇది ఎవరూ రాయరు.

డబ్బు ఇవ్వడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఇవ్వాలనిపిస్తే మొహం చూసి ఇవ్వండి, వద్దనుకుంటే మొహం చూసే లేదండీ అనండి, ఏం చేసినా ఫొటో తీయకండి.

మీరు చిక్కుల్లో పడకుండా

ఎవరైనా అర్జెంటుగా కాల్ చేసుకోవాలని ఫోన్ అడిగితే చేతికి ఇవ్వక్కర్లేదు, నంబర్ అడిగి మీరే కలిపి స్పీకర్‌లో పెట్టండి. నగదు ఇస్తాను, నా ఖాతాకు పంపండి అంటే కుదరదని చెప్పండి, ఓటీపీలైతే ఎవరికీ వద్దు. నీళ్లలో మునిగిపోతున్న మనిషి కోసం దూకొద్దు, తాడో, తేలే వస్తువో విసరండి. కరెంటు షాక్ కొడుతున్న మనిషిని ముట్టుకునే ముందు మెయిన్ ఆపండి. ప్రమాదంలో దెబ్బలు తిన్నవాళ్లను, మంటల్లాంటి ముప్పు లేకపోతే, ఉన్నచోటి నుంచి లాగొద్దు, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుని అంబులెన్సు కోసం చూడండి.

గుంపులో ఉన్నప్పుడు ఎవరో ఫోన్ చేసే ఉంటారులే అనుకోవద్దు. 1968 నాటి ఒక ప్రయోగంలో పక్క గదిలో ఎవరికో ఫిట్స్ వచ్చినట్టు వినిపించారు. వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది వెంటనే కదిలారు, ఇంకో నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో కదిలింది 31 శాతం. కాబట్టి సాయం కావాల్సింది మీకైనా, మీ పక్కన పడి ఉన్నవాళ్లకైనా, "ఎవరైనా రండి" అని అరవడం కంటే ఒక్కరి వైపు వేలు చూపించి "నీలం చొక్కా అన్నా, మీరే, అంబులెన్సుకు ఫోన్ చేయండి, అక్కా, మీరు కాస్త ఈ గుడ్డ పట్టుకోండి" అని పని పంచేయండి.