భర్తకి ఈయూ పాస్‌పోర్ట్ ఉంటే మన బీడీఎస్ జర్మనీలో చెల్లుతుందా? అప్లై చేసేముందు ఇది చదవండి

మా పిన్ని కూతురు విజయవాడలో బీడీఎస్ చేసింది, వాళ్లాయన ఇటలీ పౌరుడు, ఇద్దరూ ఉండేది జర్మనీలో. హైదరాబాద్ కన్సల్టెంట్ ఒకాయన "మీవారిది ఈయూ పాస్‌పోర్టే కదమ్మా, డిగ్రీ ఆటోమేటిక్‌గా రికగ్నైజ్ అయిపోతుంది" అని లక్షన్నర తీసుకున్నాడు. ఆర్నెల్లకి వచ్చింది అప్లికేషన్ ఇన్‌కంప్లీట్ అని ఒక లెటర్.

మన డిగ్రీకి ఆటోమేటిక్ అనేదే లేదండీ. 2004/38 డైరెక్టివ్ అనే ఈయూ చట్టం కింద ఈయూ పౌరుడు తన సొంత దేశం కాని ఇంకో ఈయూ దేశంలో ఉంటే భార్యకో భర్తకో రెసిడెన్స్ కార్డు వస్తుంది, వేరే వర్క్ వీసా లేకుండా పని చేసుకోవచ్చు. జర్మన్‌ని పెళ్లి చేసుకుని జర్మనీలోనే ఉంటే ఇది వర్తించదు, అక్కడి మామూలు చట్టమే. కార్డు ఉంటే ఈయూ వాళ్లతో సమానంగా చూస్తారు నిజమే, కానీ ఇక్కడ చూసేది డిగ్రీ ఎక్కడిదని, ఇండియాలో బీడీఎస్ చదివిన ఇటాలియన్ వచ్చినా ఇదే లైన్‌లో నిలబడాలి. లెబనాన్‌లో డెంటల్ చదివిన ఒక ఫ్రెంచ్ పౌరుడు, నా డిగ్రీని బెల్జియం ఒప్పుకుంది కదా ఫ్రాన్స్ ఎందుకు ఒప్పుకోదు అని కోర్టుకెళ్తే, ఒప్పుకోవాల్సిన పని లేదని 1994లో యూరోపియన్ కోర్టు చెప్పేసింది. సొంత పౌరుడికే దిక్కులేదు, ఇంక మనమెంత.

మీరు పని చేయాలనుకునే రాష్ట్రంలో అప్రొబేషన్ (ప్రాక్టీస్ చేయడానికి లైసెన్స్) ఇచ్చే ఆఫీస్‌కి అప్లై చేయాలి. పాస్‌పోర్ట్, బర్త్, మ్యారేజ్ సర్టిఫికెట్లు, డిగ్రీ, మార్క్స్ మెమోలు, ఇంటర్న్‌షిప్, సబ్జెక్ట్‌కి ఎన్ని గంటలో ఉన్న సిలబస్ కాలేజీ స్టాంప్‌తో, అన్నిటికీ ప్రమాణం చేసిన ట్రాన్స్‌లేటర్ అనువాదం. జర్మన్ భాషలో బీ2 లెవెల్ అయ్యాక డెంటిస్టుల చాంబర్ దగ్గర ఎఫ్ఎస్‌పీ అనే వృత్తి భాష పరీక్ష ఉంటుంది, పేషెంట్‌తో మాట్లాడటం, రిపోర్ట్ రాయడం, ఇంకో డాక్టర్‌తో మాట్లాడటం, ఒక్కోటి 20 నిమిషాలు. మన కోర్సుని వాళ్ల కోర్సుతో పోల్చి పెద్ద తేడాలుంటే, మీ అనుభవంతో కూడా అవి పూడకపోతే, కేపీ అనే సబ్జెక్ట్ నాలెడ్జ్ పరీక్ష రాయాలి, దానికి ముందే మనసులో సిద్ధపడి ఉండండి.

మనవాళ్లు బోల్తా పడేది మాత్రం గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ దగ్గర. మీ మీద క్రమశిక్షణ కేసులేవీ లేవని స్టేట్ డెంటల్ కౌన్సిల్ ఇచ్చే కాగితం, చాలా చోట్ల 3 నెలల కంటే పాతదైతే తీసుకోరు. మా చెల్లి ఇండియా వచ్చినప్పుడు ఎలాగూ వచ్చాం కదా అని అన్నిటికంటే ముందు అదే తెచ్చుకుంది, సిలబస్ కోసం కాలేజీ చుట్టూ తిరిగి, ట్రాన్స్‌లేషన్ అయ్యి, ఫైల్ పెట్టేసరికి దాని మీద డేట్ 5 నెలల కిందటిది. కాబట్టి అది చివర్లో తీయించండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆగిపోయి ఉంటే ముందు అది కట్టాలి, లేకపోతే కౌన్సిల్ దగ్గరే ఆగిపోతుంది. గల్ఫ్‌లో ప్రాక్టీస్ చేసినవాళ్లు అక్కడి నుంచి కూడా తెచ్చుకోవాలి, ఇది ఏ ఏజెంటూ చెప్పడు. ఇంకోటి, డిగ్రీ మీద ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా, పెళ్లయ్యాక ఇంకోలా ఉంటే ఆ ముగ్గురూ ఒకరేనని ఏ కాగితంతో చూపించాలో ఆఫీస్‌కి ముందే మెయిల్ పెట్టి అడగండి, జవాబు ఫైల్‌లో దాచుకోండి.

కేపీ రాయాల్సి వచ్చిందని కంగారు పడకండి, ఫెయిలైనా మళ్లీ రాయనిస్తారు, ఈలోపు మీ రెసిడెన్స్ కార్డుకి వచ్చే ఇబ్బందేమీ లేదు. జర్మనీలో గుర్తింపు వచ్చి 3 ఏళ్లు ప్రాక్టీస్ చేశాక వేరే ఈయూ దేశానికి మారాలన్నా దారి సులువవుతుంది, 2005/36 డైరెక్టివ్‌లో ఉంది.

మా చెల్లి మొన్న గుడ్ స్టాండింగ్ రెండోసారి తెప్పించింది, ఈసారి ట్రాన్స్‌లేటర్‌ని ముందే మాట్లాడి పెట్టుకుని.