దొరతాత దాకా దారి: గంజాం వైపు కుటుంబాలు స్కాట్లండు వంశమూలాన్ని వెతికే పద్ధతి

నేటి ఒడిశా దక్షిణాన గంజాం వైపు ఉన్న బరంపురం, ఛత్రపురం, గోపాలపురం, పర్లాకిమిడి వంటి చోట్ల కొన్ని తెలుగు కుటుంబాలలో, "మా ముత్తాతకు ముత్తాత స్కాట్లండు దొర, అక్కడ వాళ్లది ప్రభువుల వంశం" అనే మాట చెప్పుకుంటూ ఉంటారు. ఆ మాట పూర్తిగా నిజం కావచ్చు, సగం నిజం కావచ్చు, పెళ్లి సంబంధాల వేళ పెరిగిన మాటా కావచ్చు. నమ్మడం, నవ్వేయడం రెండూ తేలికే. పరీక్షించాలనుకునేవారికి మాత్రం ఒక క్రమం ఉంది, ఆ క్రమం తప్పితే ఏళ్ల శ్రమ వృథా అవుతుంది.

ముందుగా 'దొర' అనే మాటను పరీక్షించాలి. మన వైపు దొర అంటే తెల్లవాడే కానక్కరలేదు. కొరాపుట్ నుంచి శ్రీకాకుళం కొండల దాకా కొండదొరలు అనే గిరిజన తెగ ఉంది. జమీందారును, ఆయన తరఫున పెత్తనం చేసినవాడిని కూడా ప్రజలు దొరగారనే పిలిచారు. కాబట్టి ఇంట్లోని కథలో ఆ మనిషి ఇంటిపేరు, ఉద్యోగం, మతం, సమాధి ఉన్న ఊరు, వీటిలో కనీసం ఒక్కటైనా ఉన్నదేమో చూసుకోవాలి. వాటిలో ఏదీ లేకపోతే స్కాట్లండును ప్రస్తుతానికి పక్కన పెట్టి ఇంటి నుంచే మొదలుపెట్టడం మంచిది.

వెతుకులాట ఎప్పుడూ బతికి ఉన్నవారి నుంచి వెనక్కి నడవాలి. పేరున్న ప్రభువును ఒకరిని ఎంచుకుని అక్కడి నుంచి కిందికి దిగివస్తే, ఎక్కడో ఒక చోట మన ఇంటిపేరు తగలకుండా ఉండదు, తగిలిన చోటల్లా మనవాడే అనిపిస్తుంది. ఒక్కొక్క తరానికి ఒక్కొక్క కాగితం చేతికి వచ్చాకే పై తరానికి వెళ్లాలి. ఇంట్లో పెద్దలను "మనది ఏ వంశం?" అని అడిగితే వాళ్లు వంశం గొప్పే చెబుతారు. "మామ్మగారూ, మీ అత్తగారి పుట్టిల్లు ఏ ఊరు? ఆవిడను పిల్లలు ఏమని పిలిచేవారు? తాతగారికి పింఛను ఎక్కడి నుంచి వచ్చేది?" అని అడిగితే పనికివచ్చే సంగతులు బయటపడతాయి. పింఛను మాట చిన్నదిగా కనిపించినా, అది ఏ శాఖ దస్త్రాలు చూడాలో చెప్పేస్తుంది.

ఇంట్లోని కాగితాల తేదీలు మరొక చిక్కు. తెలుగు దస్తావేజులో 'ధాత సంవత్సరం' అని ఉంటే అది 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కావచ్చు. అరవై ఏళ్ల చక్రం గనుక సాక్షుల పేర్లను బట్టి ఏదో తేల్చుకోవాలి. శిస్తు కాగితాలలో ఫసలీ అనే శిస్తు సంవత్సరం ఉంటుంది, దానికి 590 కలపాలి. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ దాకా. ఒడియా కాగితాలలో పూరీ గజపతి రాజు పాలనా సంవత్సరాలను లెక్కించే 'అంకం' కనిపిస్తే మరింత జాగ్రత్త పడాలి. ఆ లెక్కలో ఒకటిని, ఆరును, ఆరుతో ముగిసే అంకెలను, పది తప్ప సున్నాతో ముగిసే అంకెలను వదిలేస్తారు. 1866 కరువును ఒడియావారు 'నఅంక' అంటారు; పేరుకు అది తొమ్మిదో అంకమైనా ఆ రాజు పాలనలో నిజానికి ఏడో ఏడు. ఈ లెక్క తెలియక రెండేళ్లు అటూ ఇటూ అయితే కొడుకు తండ్రి పోయాక పుట్టినట్టు తేలుతుంది.

ఇల్లు దాటి కచేరీల దాకా వచ్చేసరికి చాలామంది చేసే పొరపాటు నేరుగా భువనేశ్వర్ వెళ్లడం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోని, అంటే మద్రాసు ప్రెసిడెన్సీలోని, జిల్లా. శ్రీకాకుళం, టెక్కలి కూడా ఆ జిల్లాలోనే ఉండేవి, కొరాపుట్ విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కాబట్టి అంతకుముందరి తరాలను వెతకవలసింది భువనేశ్వర్‌లో కాదు, చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ప్రభుత్వ దస్తావేజుల భాండాగారంలో, అంటే 1909 నాటి మద్రాసు రికార్డు ఆఫీసులో. మనిషి ఏ ఊళ్లో చనిపోయాడన్నదాని కంటే, చనిపోయిన ఏడు ఆ ఊరు ఏ ప్రభుత్వం కింద ఉందన్నది ముఖ్యం.

సమాధులను కూడా చూడాలి. గంజాం కోట దగ్గర, బరంపురంలో, గోపాలపురంలో ఉన్న పాత సమాధుల మీది అక్షరాలు ఉప్పుగాలికి చాలావరకు చెదిరిపోయాయి. అయితే జూలియన్ జేమ్స్ కాటన్ అనే అధికారి మద్రాసు రాజధానిలోని సమాధి రాతలను సేకరించి 1905లో ప్రచురించాడు. రాయి మీద ఈనాడు చదవలేని వాక్యం ఆ సంపుటంలో దొరికే అవకాశం ఉంది కనుక, రాయిని గీకి శుభ్రం చేసే పనికి పూనుకోకండి. అలా గీకి ఉన్న నాలుగు అక్షరాలనూ పోగొట్టినవారిని చూశాను.

అసలు కష్టం చర్చి పుస్తకాల దగ్గర మొదలవుతుంది. ఈస్టిండియా కంపెనీ కాలంలో మద్రాసు రాజధానిలోని బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాల నకళ్లను లండన్‌కు పంపేవారు. అవి 1698 నుంచి ఉన్నాయి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు దస్త్రాలలో 'ఎన్ 2' అనే వరుసలో ఉన్నాయి. ఫైండ్‌మైపాస్ట్ అనే చందా సైటులో వాటి చిత్రాలు చూడవచ్చు. స్కాట్లండువారిలో బిషప్పులు లేని ప్రెస్బిటేరియన్ చర్చివారు ఎక్కువ గనుక, మద్రాసులో వారి కోసం 1821లో కట్టిన సెయింట్ ఆండ్రూస్ కర్క్ అనే చర్చి పుస్తకాలనూ మరువరాదు.

ఆ పుస్తకాలలో బిడ్డ పేరు ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, ఆయన పటాలం పేరు కూడా ఉంటుంది. తల్లి ఈ నేల స్త్రీ అయితే ఆమె పేరు చాలాచోట్ల ఉండదు. 'స్థానిక స్త్రీ' అన్న ముక్కతో పాదిరీ సరిపెట్టి ఉంటాడు. కొన్నిసార్లు బాప్తిస్మం రోజున ఆమెకు ఇచ్చిన ఇంగ్లీషు పేరొక్కటే ఉంటుంది, అసలు పేరు దాని కింద కనబడకుండా పోతుంది. తెలుగు కుటుంబాల వెతుకులాట నూటికి తొంభై వంతులు ఇక్కడే ఆగిపోతుందని నా అనుభవం. ఇటువంటప్పుడు చూడవలసింది తండ్రి వీలునామా. పెళ్లి పుస్తకంలో చోటు దొరకని స్త్రీకి వీలునామాలో చోటు దొరికేది, ఎందుకంటే ఆమెకు నెలకు ఇన్ని పగోడాలు (ఆనాటి బంగారు నాణేలు) ఇమ్మని రాయాలంటే ఆమె ఎవరో చెప్పక తప్పదు. ఇల్లు ఎవరి పేర ఉంది, పిల్లలు ఎందరు, వారిలో ఎవరిని బడికి పంపాలి అనే వివరాలు కూడా ఆ వీలునామాలలోనే దొరుకుతాయి. మద్రాసు వీలునామాల నకళ్లు కూడా ఇండియా ఆఫీసు దస్త్రాలలోనే ఉన్నాయి.

తండ్రి త్వరగా చనిపోయి ఉంటే పిల్లలను మద్రాసు అనాథాలయాలలో వెతకాలి. ఆడపిల్లల ఆశ్రమం 1787లో, మగపిల్లలది 1789లో మొదలయ్యాయి. రెండోదాన్ని నడిపిన ఆండ్రూ బెల్ కూడా స్కాట్లండువాడే. 1790ల నుంచి తల్లిదండ్రులలో ఒక్కరు ఐరోపావారు కాకపోయినా, వారి పిల్లలకు కంపెనీ పెద్ద ఉద్యోగాల తలుపులు మూసేసింది. దాంతో ఈ పిల్లలు గుమాస్తాలుగా, పటాలం వాద్యకారులుగా మారారు. 1794లో మద్రాసులో ప్రారంభమైన సర్వే బడిలో చేరి సర్వే శాఖలోకి వెళ్లినవారూ ఉన్నారు. మీ ఇంటి కథలోని దొర పటాలం అధికారి కాకుండా, ఆ అధికారి కొడుకై గొలుసు పట్టుకుని భూమి కొలిచినవాడు అయ్యే అవకాశం ఎప్పుడూ గుర్తుంచుకోవాలి. 1890ల మధ్యలో తూర్పుతీర రైలుమార్గం వేశాక ఇటువంటి కుటుంబాల తరువాతి తరాలకు రైల్వే ఒక ఆధారమైంది. ఖరగ్‌పూర్, వాల్తేరు, గోపాలపురం రేవు మీదుగా రంగూన్, ఆ తరువాత ఆస్ట్రేలియా: ఒకే తాత సంతానం ఇన్ని దిక్కులకు చెదిరితే, మన శాఖలో పోయిన కాగితం అన్నదమ్ముల శాఖలో దొరకవచ్చు. అందుకే నేరుగా పైకి పోయే గీతతోపాటు ప్రతి తరంలోని తోబుట్టువులనందరినీ రాసుకోవాలి.

ఇక్కడి నేలను అక్కడి నేలతో కలిపే వంతెన ఒక్కటే, అది క్యాడెట్ కాగితాలు. కంపెనీ సైన్యంలో అధికారిగా చేరదలచిన కుర్రవాడు తనను సిఫారసు చేసిన డైరెక్టరు పేరును, వయసుకు రుజువుగా తన ఊరి చర్చి ఇచ్చిన బాప్తిస్మపు నకలును సమర్పించవలసి ఉండేది. ఆ కాగితాలు 18వ శతాబ్దం చివరి నుంచి 1860 దాకా భద్రంగా ఉన్నాయి. సివిల్ ఉద్యోగులకైతే రైటర్ల అర్జీలు అనే వరుస ఉంది. గంజాంలో చనిపోయిన ఒక లెఫ్టినెంటు అబెర్డీన్ పక్క పల్లెలో ఫలానా తల్లిదండ్రులకు పుట్టాడని చెప్పగలిగేది ఈ ఒక్క కాగితమే. ఇది దొరకకుండా, కేవలం పేరు కలిసిందని స్కాట్లండులో వెతకడం మొదలుపెడితే అదే పేరున్న పదిమంది ఎదురవుతారు. మామూలు సిపాయిగా వచ్చినవాడికి ఇంత వివరమైన కాగితం ఉండదు, రంగరూటు జాబితాలతో సరిపెట్టుకోవాలి. ఓడ దిగిన తెల్లవారిలో ఎక్కువమంది ఆ కోవవారే.

స్కాట్లండు వైపు పని, ఆశ్చర్యమనిపించినా, మన వైపు పని కంటే సులువు. ఎడిన్‌బరోలోని జాతీయ దస్త్రాల సంస్థకు అనుబంధంగా స్కాట్లండ్స్ పీపుల్ అనే సైటు ఉంది. సూచికలు ఉచితంగా వెతకవచ్చు, అసలు పుటలు చూడడానికి చాలావరకు రుసుము చెల్లించాలి. 1855 జనవరి 1 నుంచి అక్కడ జనన మరణాలను ప్రభుత్వమే నమోదు చేసింది, మరణ పత్రంలో తండ్రి పేరుతోపాటు తల్లి పుట్టింటి పేరు కూడా రాశారు. మన లెఫ్టినెంటు గంజాంలోనే మట్టిలో కలిసినా, ఆయన చెల్లెలు 1855 తరువాత స్కాట్లండులో చనిపోయి ఉంటే ఆమె మరణ పత్రమే ఆయన తల్లిదండ్రులను చెబుతుంది. అంతకు ముందు కాలానికి చర్చి పుస్తకాలు ఉన్నాయి. పెళ్లయిన స్త్రీలను అక్కడి దస్త్రాలు పుట్టింటి పేరుతోనే రాయడం వెతికేవారికి పెద్ద వరం. పెద్దకొడుక్కి తాతగారి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, పెద్ద కూతురికి అమ్మమ్మ పేరు పెట్టడం వారి అలవాటు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది విడ్డూరం కాదు. అయితే ఇది ఆనవాలే కాని సాక్ష్యం కాదు.

ఒక తేదీ చిక్కు అక్కడా ఉంది. స్కాట్లండు 1600 నుంచే జనవరి 1ని సంవత్సరాదిగా పాటించింది, ఇంగ్లండు 1752 దాకా మార్చి 25నే పాటించింది. రెండు దేశాల కాగితాలను జోడించేటప్పుడు జనవరి, ఫిబ్రవరి, మార్చి తేదీలను మళ్లీ చూసుకోవాలి.

ఇప్పుడు ప్రభువుల మాట. ఇంటిపేరు కలిసినంత మాత్రాన వంశం కలవదు. అక్కడ తెగ నాయకుని నీడలో బతికిన కౌలుదార్లు సైతం నాయకుని పేరే పెట్టుకున్నారు. ఊళ్ల స్థానిక చరిత్రలైన కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ ఇంటిపేరు సీఫోర్త్ ఎర్ల్‌లనే ప్రభువుల ఇంటిపేరే, కాని ఆయన స్టోర్నోవేలోని ఒక వర్తకుని కొడుకు. మెరియా అనే నరబలులను మాన్పే ఏజెన్సీకి అధిపతిగా గంజాం కొండలలో తిరిగిన మాక్ఫర్సన్ అబెర్డీన్‌లోని ఒక ఆచార్యుని కొడుకు. దత్త మండలంలో నేటికీ పేరు నిలిచిన మన్రో గ్లాస్గో వర్తకుని కొడుకు. 1825లో ఆయనకు వచ్చిన బారొనెట్ బిరుదు వంశపారంపర్యమే అయినా ప్రభు బిరుదుల వరుస అయిన పీరేజ్ కిందికి రాదు. లేర్డ్ అంటే భూస్వామి, ఎర్ల్ కాదు. నిజమైన స్కాట్లండు ప్రభువులు కూడా మద్రాసుకు వచ్చారు, గవర్నర్లుగా: 1837లో ఎల్ఫిన్‌స్టన్ ప్రభువు, 1842లో ట్వీడేల్ మార్క్వెస్, 1866లో నేపియర్ ప్రభువు.

అయినా ప్రభువు ఇంటి బిడ్డ మామూలు క్యాడెట్‌గా రావడం అసాధ్యం కాదు. ఆస్తీ బిరుదూ పెద్దకొడుకుకే పోయే ఏర్పాటులో చిన్నకొడుకులకు సైన్యం, కంపెనీ కొలువు మిగిలేవి. భారత వ్యవహారాల బోర్డును నడిపిన హెన్రీ డండాస్ స్కాట్లండువాడు కావడం ఆ సిఫారసులకు తోడైంది. అటువంటి సంబంధాన్ని చూపడానికి జేమ్స్ బాల్ఫోర్ పాల్ సంపాదకత్వంలో 1904 నుంచి 1914 దాకా తొమ్మిది సంపుటాలుగా వచ్చిన స్కాట్స్ పీరేజ్ మొదట చూడవలసిన గ్రంథం. అందులో చిన్నకొడుకుల గురించి 'ఇండియాలో మరణించాడు' అనే ఒక్క ముక్క ఉండవచ్చు. ఇక్కడి సంతానం, ముఖ్యంగా పెళ్లి కాకుండా పుట్టిన సంతానం, ఉండకపోవచ్చు. పేరు లేకపోవడం సంతానం లేదనడానికి రుజువు కాదు. అయితే ఆ సంతానానికి బిరుదు మీద హక్కు లేదన్నది కూడా ముందే తెలుసుకుని ఉండాలి. పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశం తరఫున జరిగిన 1715, 1745 తిరుగుబాట్ల తరువాత కొన్ని కుటుంబాలు బిరుదులు పోగొట్టుకున్నాయి. వాటిలో చాలామంది బిషప్పులున్న ఎపిస్కోపల్ చర్చివారు గనుక ప్రభుత్వ చర్చి పుస్తకాలలో కనబడకపోవచ్చు. అక్కడ భూమి కాగితాలే దిక్కు. 1868 దాకా స్కాట్లండులో భూమిని వీలునామా ద్వారా ఇవ్వడం కుదిరేది కాదు, వారసుడు కోర్టులో తన వారసత్వాన్ని రుజువు చేసుకోవలసి వచ్చేది. ఆ తీర్పుల జాబితాలు తండ్రి కొడుకుల సంబంధానికి గట్టి సాక్ష్యం. సంతల్లో, సైట్లలో అమ్మే 'కుటుంబ ముద్ర' పలకలు కొనవద్దు. అక్కడ ముద్ర ఒక వ్యక్తికి చెందుతుంది, ఇంటిపేరుకు కాదు.

డీఎన్ఏ పరీక్ష చివరి మెట్టు. దొర ఆరో తరం పైవాడైతే ఆయన వాటా సగటున ఒకటిన్నర శాతం మాత్రమే. కొడుకు, కొడుకు కొడుకు అని తెగకుండా మగవరుస సాగితేనే, తండ్రి నుంచి కొడుకుకే వచ్చే వై క్రోమోజోమును చూసే వై పరీక్ష ఉపయోగపడుతుంది, మధ్యలో ఒక్క కూతురు వచ్చినా ఆ దారి మూసుకుపోతుంది.

వంశవృక్షం గీసేటప్పుడు ప్రతి ముడి పక్కనా కాగితం పేరు, తేదీ, చూసిన చోటు రాయాలి. రుజువు కాని ముడిని చుక్కల గీతతో వదిలేయాలి, దాని మీద పై తరాన్ని నిలబెట్టరాదు. పేరు దొరకని ఆ స్త్రీకి కూడా దొరతో సమానమైన గడి ఒకటి గీసి, అందులో తెలిసినదంతా నింపాలి: ఊరు, బిడ్డ బాప్తిస్మం జరిగిన ఏడు, వీలునామాలో ఆమెకు రాసిన నెల భత్యం. దొర ఓడెక్కి వెళ్లిపోయినా, ఈ మట్టిలోనే పడుకున్నా, పిల్లలకు తెలుగు నేర్పిందీ బరంపురంలో ఇల్లు నిలిపిందీ ఆమె కావచ్చు. ఎగ్మోర్‌లో మీరు తరువాత తెప్పించుకోవలసిన కట్ట ఏదో కూడా ఆ గడిలోని ఊరి పేరే చెబుతుంది.