హాస్పిటల్లో ఉన్న పెద్దవాళ్ళకి డెలీరియం రాకుండా పక్కనున్నవాళ్ళు ఏం చేయాలి

ఇంట్లో శుభ్రంగా మాట్లాడిన మనిషి హాస్పిటల్లో చేరాక ఎక్కడున్నారో తెలీక, లేనివాళ్ళతో మాట్లాడుతూ సెలైన్ గొట్టం పీకేస్తుంటే, వయసైపోయింది కదా అని చాలామంది వదిలేస్తారు. వదిలేయకండి, అది డెలీరియం, అంటే ఉన్నట్టుండి మనసు గందరగోళమైపోవడం, కావచ్చు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఏళ్ళ తరబడి మెల్లగా ముదురుతుంది, ఇది గంటల్లోనో ఒకట్రెండు రోజుల్లోనో వచ్చేస్తుంది, కాసేపు బావుంటారు కాసేపు తేడాగా ఉంటారు, చాలామందికి సాయంత్రమయ్యేసరికి ఎక్కువవుతుంది.

చేరిన రోజే నర్సుకి ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో చెప్పండి. పేపర్ చదువుతారా, మనవళ్ళ పేర్లు గుర్తుంటాయా, ఒక్కరే నడుస్తారా, ఇవి వాళ్ళకెలా తెలుస్తాయి మనం చెప్పకపోతే. మందుల లిస్టు మొత్తం ఇవ్వండి, నిద్రమాత్రలు, తాగుడు అలవాటు కూడా దాచకుండా, ఎందుకంటే రోజూ తీసుకునేవి సడెన్‌గా ఆగిపోయినా డెలీరియం రావచ్చు.

తర్వాత చేసేవన్నీ చిన్న పనులే. అమెరికాలో డాక్టర్ షారన్ ఇనౌయే టీమ్ 70 ఏళ్ళు, ఆపైన ఉన్న 852 మందితో చేసిన స్టడీ 1999లో వచ్చింది, మామూలు వైద్యం అందినవాళ్ళలో 15 శాతం మందికి డెలీరియం వస్తే, నిద్ర, నీళ్ళు, నడక, చూపు, వినికిడి లాంటివి పట్టించుకున్నవాళ్ళలో 9.9 శాతం మందికే వచ్చింది. అక్కడ చేసింది ట్రైనింగ్ ఉన్న టీమే గానీ, ఇందులో చాలా పనులు మనమూ చేయొచ్చు.

కళ్ళజోడు, వినికిడి మెషిన్ (బ్యాటరీతో సహా), కట్టుడుపళ్ళు ఇంటి నుంచి తెచ్చి పెట్టండి, పోతాయేమోనని బీరువాలో దాచొద్దు. డాక్టర్ వద్దనకపోతే గుక్కగుక్కగా నీళ్ళు పట్టించండి, మింగడం కష్టమైతే మాత్రం ముందు అడగాలి. పగలు కర్టెన్ తీసి, నర్సు సరే అంటే కూర్చోబెట్టండి, నడిపించండి. రాత్రి లైటు, టీవీ, ఫోన్ కట్టేయండి. నిద్ర పట్టట్లేదని మీరే మాత్ర అడగొద్దు, కొన్ని నిద్రమాత్రలు, అలర్జీ మాత్రలే డెలీరియం తెచ్చిపెడతాయి. మోషన్ అయిందా, యూరిన్ సరిగ్గా వస్తోందా, నొప్పి ఉందా రోజూ అడగండి, పెద్దవాళ్ళు సిగ్గుపడి చెప్పరు. యూరిన్ ట్యూబ్ ఉంటే ఇంకా అవసరమా అని డాక్టర్ని రోజూ అడగొచ్చు, తప్పేం లేదు.

మాటల్లోనే రోజు, టైమ్, ఎక్కడున్నారో కలిపి చెప్పండి. “ఇవాళ ఏ వారం చెప్పు చూద్దాం” అని పరీక్ష పెట్టకండి, నాకైతే అది వినడానికే చిరాకు. లేనిది కనిపిస్తోందంటే వాదించొద్దు, “నేనిక్కడే ఉన్నా నాన్నా” అంటే చాలు.

గొడవ చేసేవాళ్ళని అందరూ గమనిస్తారు. కదలకుండా మగతగా పడి ఉండి, అడిగినదానికి జవాబు మధ్యలో ఆపేసేవాళ్ళనే ఎవరూ పట్టించుకోరు, పాపం రెస్ట్ తీసుకుంటున్నారులే అనుకుంటారు, అదీ డెలీరియమే కావచ్చు. అలా అనిపించిన వెంటనే, డాక్టర్ రౌండ్స్ దాకా ఆగకుండా, నర్సుకో డాక్టర్‌కో “నిన్న పొద్దున ఇలా ఉన్నారు, ఇవాళ ఇలా ఉన్నారు, డెలీరియమేమో చూడండి” అని చెప్పండి. డ్యూటీ మారేటప్పుడు మీ తర్వాత వచ్చే తమ్ముడికో వదినకో కూడా ఇదే చెప్పి వెళ్ళండి.