సీను రాద్దాం – 6వ పాఠం: ఎవరికి తెలుసు, ఎవరికి తెలీదు

పోయినసారి ఇచ్చిన సీను ఇదీ: సరిహద్దులో చనిపోయిన జవాను కబురు దేవరకొండ దగ్గరి ఒక ఊరికి చేరాలి. మీరు పంపినవన్నీ చదివిన. దాదాపు అందరి కథల్లోనూ ఉరుము ఉరిమింది, ఇత్తడి చెంబు చేజారింది, తల్లి పేజీన్నర ఏడ్చింది. ఒకరైతే 2020లో జరిగే కథలోకి టెలిగ్రాం తెచ్చారు. మన దేశంలో ఆ తంతి సర్వీసు 2013 జులైలోనే మూసేశారు, నాయనా! ఇట్లయితే ఈవారం అనుకున్న ఫ్లాష్‌బ్యాక్ పాఠం చెప్పి లాభం లేదు, దాన్ని వెనక్కి జరిపిన.

సీను నంబరు, పగలా రాత్రా, ఇంటి లోపలా బయటా రాయడం మీకొచ్చు. అది వదిలేద్దాం.

పాత్ర ఏడిస్తే చూసేవాళ్లు ఏడుస్తారన్న భ్రమ ఒకటుంది, నాకు ఒళ్లు మండేది దానితోనే. పాత్రే మొత్తం ఏడ్చేస్తే మనకు మిగిలేదేముంది? పక్కింటి గొడవ చూసినట్టు చూసి లేచిపోతాం. అదే పాత్ర ఏడుపు ఆపుకుంటుంటే మన గొంతు పట్టుకుంటుంది. మరి ఎందుకు ఆపుకోవాలి? ఎదుటి మనిషికి ఇంకా తెలీదు కాబట్టి. వాన, స్లో మోషన్, వయొలిన్ ఇవేవీ ఆ పని చెయ్యలేవు. అసలు వానంటేనే నాకు పడదు, అది వేరే సంగతి.

1940లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘వాటర్‌లూ బ్రిడ్జ్’ చూడండి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి లండన్. బ్యాలే డాన్సర్ మైరా, కెప్టెన్ రాయ్. అతను యుద్ధానికి పోయాక, వాళ్లమ్మను మొదటిసారి కలవడానికి మైరా హోటల్లో కూర్చుని పేపర్ తిరగేస్తుంటుంది. చనిపోయినవాళ్ల జాబితాలో రాయ్ పేరు! అంతలోనే ఆ తల్లి వచ్చేస్తుంది. ఆమెకింకా తెలీదు. మైరా చెప్పలేదు. పొంతన లేకుండా ఏదేదో మాట్లాడుతుంది. ఈ పిల్ల ఇట్లుందేంటని పెద్దావిడ నొచ్చుకుని వెళ్లిపోతుంది. కొడుకు చావు మాట ఎత్తకుండానే ఇద్దరి మధ్యా అంతా పాడైపోయింది.

ఇదే లెక్క స్టేషన్ సీనులో తిరగబడుతుంది. బతుకుతెరువు లేక ఒళ్లమ్ముకుంటున్న మైరా, సెలవు మీద దిగే సైనికుల కోసం నవ్వు పులుముకుని నిలబడితే, ఆ గుంపులో రాయ్ కనిపిస్తాడు, ప్రాణాలతో! తన కోసమే వచ్చిందని అతని సంబరం. ఆమె ఎందుకొచ్చిందో ఆమెకు తెలుసు, మనకు తెలుసు.

అదే సినిమాలో అంతకుముందు వచ్చే కొవ్వొత్తుల క్లబ్బు సీనులో మాత్రం, మర్నాడు రాయ్ యుద్ధానికి పోవాలని ఇద్దరికీ తెలుసు. అందుకే వాద్యగాళ్లు ఒక్కో కొవ్వొత్తీ ఆర్పుతుంటే మాటల్లేకుండా డాన్స్ చేస్తారు.

నేనైతే డైలాగు మొదలుపెట్టకముందే పేజీ అంచున ‘తెలుసు’, ‘తెలీదు’ అని రెండు గళ్లు గీసి పేర్లు రాసుకుంటా. రెండో గడి ఖాళీగా ఉండి, ఆ క్లబ్బు సీనులా మాటల్లేకుండా నడవకపోతే, సీను చింపేస్తా.

ఇప్పుడు మన దేవరకొండ సీను. సంక్రాంతి ముందర. కోడలికి ఫోన్ వచ్చేసింది, అత్తకు తెలీదు. తెల్లబట్ట మీద ఇద్దరూ సకినాలు చుడుతున్నారు.

“వానికి నువ్వులుంటెనే ఇష్టం. ఇంకో పిడికెడు వెయ్ బిడ్డా.”

కోడలు వేసింది.

“గంతేనా?”

మళ్లీ వేసింది. పిండి ఇక చుట్టకు రావట్లేదు, విరుగుతున్నది.

“ఏమైందే, చెయ్యి వణుకుతుంది?”

“చలి అత్తమ్మా.”

ఇక్కడ ఆపేసిన. ఫోన్లో ఏం చెప్పారో రాయలేదు, చూడండి.

అభ్యాసం: ఇదే సీను తిప్పి రాయండి. అత్తకు తెలుసు, కోడలికి తెలీదు. సకినాలు వద్దు, మీ ఇంట్లో జరిగే ఇంకేదైనా పని పెట్టండి. ఎనిమిది డైలాగులు దాటొద్దు. చావు, ఏడుపు, దేవుడు, దేశం అన్న మాటలు రాకూడదు. అది అయ్యాక మూడో మనిషిని, కబురు తెలిసిన పక్కింటాయనను, గుమ్మంలోకి తీసుకురండి. అతను నోరు తెరవకుండా సీను ముగించాలి. ఆదివారంలోగా పంపండి. ఉరుము కనిపిస్తే చదవను.