దంపతుల పోలిక కొలవడం – 4వ పాఠం: సగటు తేడాతో పనిలేదు

పోయిన అభ్యాసంలో చాలామంది ఒకేచోట జారారు. వ్యక్తిత్వ లక్షణాల సంగతి వచ్చే పాఠానికి జరిపి, ఇవాళ ఆ పొరపాటే చూద్దాం.

లెక్క ఇదీ: ఐదుగురు భర్తల ఎత్తు 160, 165, 170, 175, 180 సెం.మీ. భార్యలు అదే వరసలో 150, 155, 160, 165, 170. ‘అన్ని జంటల్లోనూ 10 సెం.మీ. తేడా ఉంది, కాబట్టి పోలిక లేదు’ అని రాశారు. నిజానికి సహసంబంధ గుణకం (రెండు వరసలు ఎంతగా కలిసి పెరుగుతాయో −1 నుంచి 1 దాకా చెప్పే అంకె) సరిగ్గా 1. భర్తల్లోంచి భర్తల సగటు 170, భార్యల్లోంచి భార్యల సగటు 160 తీసేయండి. రెండు వైపులా −10, −5, 0, 5, 10 మిగులుతాయి, అంటే పొడుగు భర్తకు పొడుగు భార్యే.

ఇప్పుడు భార్యల వరస తిరగేయండి: 170, 165, 160, 155, 150. గుణకం −1కి పడిపోయింది. సగటు తేడా (గుర్తుతో సహా, భర్త ఎత్తులోంచి భార్య ఎత్తు తీసేస్తే)? అప్పుడూ 10, ఇప్పుడూ 10. ఎవరిని ఎవరికి జతచేసినా అది మారదు. మారనిది జత గురించి ఏం చెబుతుంది? దయచేసి సగటు తేడాను పోలికకు సాక్ష్యంగా ఇంకెప్పుడూ రాయకండి. 1903లో గణాంక శాస్త్రజ్ఞులు కార్ల్ పియర్సన్, ఆలిస్ లీ సుమారు వెయ్యి ఆంగ్ల దంపతుల ఎత్తులకు గుణకం లెక్కగడితే 0.28 వచ్చింది. అక్కడా మగవాళ్ల సగటే ఎక్కువ.

దంపతుల ఐక్యూకు ఈ గుణకం సాధారణంగా 0.4 దగ్గర వస్తుంది. ‘40 శాతం ఒకేలా ఉంటారు’ అని చదవకూడదు. సగటు 100, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) 15 అనుకుంటే, 130 ఉన్న భర్తకు భార్య అంచనా 100 + 0.4 × 30 = 112. అలాంటి భార్యల్లో మూడింట రెండొంతుల మంది 98–126 మధ్య ఉంటారు. చీటీలు తీసి జతకడితే దంపతుల మధ్య అంతరం (గుర్తు వదిలేసి) సగటున 17 పాయింట్లు, 0.4 ఉంటే 13. తగ్గేది ఆ నాలుగే.

ఎంపిక ఎవరిదో గుణకం చెప్పదు. కాలేజీలో కలిసినా, పెద్దవాళ్లు బయోడేటాలో డిగ్రీ చూసి వడపోసినా ఒకే అంకె రావచ్చు.

అభ్యాసం: బంధువుల్లో 20 జంటల ఎత్తులు సేకరించి ఎక్సెల్‌లో కోరెల్ (CORREL) ఫార్ములాతో గుణకం కట్టండి. చేతిలెక్క అక్కర్లేదు, నేనూ చేయను. తర్వాత భార్యల నిలువు వరసను 100 సార్లు కలగాపులగం చేసి, ప్రతిసారీ గుణకం రాసుకోండి. 20 జంటలే కాబట్టి 0.2, −0.2 ఊరికే వచ్చేస్తుంటాయి. మీ అసలు అంకెను మించినవి ఆ వందలో ఎన్నో లెక్కపెట్టి పంపండి.