పాత కారు డాష్‌బోర్డు స్పీకర్ పలకట్లేదా? కొత్తది కొనేముందు ఇవి చూడండి

డాష్‌బోర్డులో స్పీకర్ పలకడం మానేసిందని యాక్సెసరీస్ షాపుకి వెళ్తే చాలాచోట్ల వినిపించేది ఒకటే మాట, "స్పీకర్ పోయింది సార్, జత మార్చేద్దాం" అని. విప్పి చూడరు, మీటర్ పెట్టరు. నిజానికి మారుతి 800 నాటి చిన్న కార్లలో స్పీకర్ కంటే ముందు పాడయ్యేది ఎక్కువగా దానికి వెళ్లే వైరు అతుకు. ఆ రోజుల్లో బేస్ మోడళ్లు చాలావరకు మ్యూజిక్ సిస్టమ్ లేకుండానే షోరూమ్ నుంచి వచ్చేవి. స్టీరియో, స్పీకర్లు, వైరింగ్ అన్నీ బయట షాపులోనే పడేవి. వైరు కొనలు చేత్తో మెలేసి, నల్ల టేపు చుట్టి, డాష్‌బోర్డు వెనక్కి తోసేసిన బండ్లు బోలెడు. ముందు అద్దం కింద మన మే నెల ఎండకి ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, లోపల రాగి నల్లబడుతుంది. అందుకే ముందు జబ్బేంటో తేల్చుకోండి, డబ్బు సంగతి తర్వాత.

కావాల్సింది స్టార్ స్క్రూడ్రైవర్, మామూలు మల్టీమీటర్, ఒక పెన్సిల్ సెల్, రెండు వైరు ముక్కలు. ఏదైనా విప్పే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. డాష్‌బోర్డు మీద ఎస్‌ఆర్‌ఎస్ అని రాసి ఉంటే ఎయిర్‌బ్యాగ్ ఉన్నట్టు. ఆ వైపు ప్యానెళ్లు, పసుపు కవరున్న వైర్లు మాత్రం మీరు ముట్టుకోవద్దు, తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

ఒక వైపు అస్సలు పలకట్లేదు

స్క్రూడ్రైవర్ పట్టకముందు స్టీరియోలో బ్యాలెన్స్ (ఎడమ, కుడి సౌండ్ పంపకం), ఫేడర్ (ముందు, వెనక పంపకం) ఎక్కడున్నాయో చూడండి. ఎవరో పిల్లలు బటన్లు నొక్కి బ్యాలెన్స్ మొత్తం ఒక పక్కకి తోసేసి ఉండొచ్చు. చాలా సెట్లలో బ్యాటరీ తీసి పెడితే అవి మధ్యకి వచ్చేస్తాయి, అందుకే ఒక్కోసారి బ్యాటరీ మార్చగానే స్పీకర్ "బాగైపోయింది" అనిపిస్తుంది.

అది కాదని తేలితే స్టీరియోని బయటికి లాగి వెనక వైర్లు చూడండి. బయట కొనే సెట్లలో రంగులు దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి: ముందు ఎడమకి తెలుపు ప్లస్, తెలుపు మీద నల్ల గీత ఉన్నది మైనస్, ముందు కుడికి బూడిద రంగు, బూడిద మీద నల్ల గీత. ఆకుపచ్చ, వంకాయ రంగు జతలు వెనక స్పీకర్లవి. ఇప్పుడు పలికే వైపు జతని, పలకని వైపు జతని తారుమారు చేసి, బ్యాటరీ కలిపి పాట పెట్టండి. మూగతనం కూడా అవతలి వైపుకి మారితే తప్పు స్టీరియోది, లోపలి ఆంప్లిఫయర్‌లో ఆ ఛానెల్ పోయింది. అలా మారకుండా పాత వైపే మూగగా ఉంటే స్టీరియో బాగానే ఉంది, వైరో స్పీకరో చూడాలి.

ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి మళ్లీ బ్యాటరీ తీసి, ఆ జతని స్టీరియో నుంచి పూర్తిగా విడదీసి, మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి కొలవండి. 4 ఓమ్స్ స్పీకర్ అయితే మీటర్‌లో 3.2 నుంచి 3.8 దాకా చూపిస్తుంది. దాన్ని చూసి తేడా ఉందని కంగారు పడక్కర్లేదు, అది మామూలే. అసలు రీడింగే రాకపోతే ఎక్కడో తెగింది. అప్పుడు స్పీకర్ మీద మూసి ఉండే జాలీ తీసి నేరుగా స్పీకర్ ట్యాబుల (వైరు తగిలించే రేకుల) మీద కొలవండి. అక్కడ 3.5 వచ్చి, స్టీరియో దగ్గర రాకపోతే తప్పు వైరుది, స్పీకర్ నిక్షేపంగా ఉంది. ట్యాబుల మీద కూడా రాకపోతే లోపల వాయిస్ కాయిల్ (స్పీకర్‌ని కదిలించే తీగ చుట్ట) కాలిందని, లేదా కాయిల్‌కి వెళ్లే సన్నటి అల్లిక తీగ తెగిందని అర్థం. ఆ తీగ తెగితే కంటికి కనిపిస్తుంది, ఓపికున్నవాళ్లు సోల్డరింగ్‌తో అతికించుకోవచ్చు. కాయిల్ కాలితే మాత్రం 4 అంగుళాల స్పీకర్‌కి రిపేరు చేయించడం దండగ, మార్చేయండి.

మీటర్ లేకపోతే పెన్సిల్ సెల్ చాలు. స్టీరియో నుంచి విడదీసిన జతకి సెల్ రెండు కొనలూ అలా తాకించి తీసేయండి, టక్‌మని చప్పుడు వస్తే స్పీకర్, వైరు రెండూ బతికే ఉన్నాయి. స్టీరియోకి కలిపి ఉండగా ఈ పని చేయకండి, సెల్‌ని అలాగే పట్టుకుని ఉంచకండి.

గుంతల్లో పడితే వస్తుంది, మళ్లీ పోతుంది

ఇది నూటికి తొంభై అతుకే. స్పీకర్ వెనక ట్యాబుకి తొడిగే క్లిప్పు వదులై ఉంటుంది, లేదా పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండ్లకి ఇది మరీ ఎక్కువ. క్లిప్పు తీసి, ట్యాబుని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, క్లిప్పుని కటింగ్ ప్లేయర్‌తో కొంచెం నొక్కి బిగుతుగా తొడగండి. మెలేసి టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే కత్తిరించేసి సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని బిగుసుకునే గొట్టం) వేయండి. మళ్లీ టేపే చుడితే వచ్చే ఎండాకాలానికి మళ్లీ ఇదే పని.

పలుకుతుంది కానీ గరగర, బొంగురు

ముందు జాలీని వేలితో గట్టిగా నొక్కి పట్టుకుని వినండి. చప్పుడు ఆగితే స్పీకర్‌కి ఏమీ కాలేదు, ప్లాస్టిక్ అదురుతోంది. జాలీ అంచు కింద సన్నటి ఫోమ్ టేపు అతికించి, వదులైన స్క్రూలు బిగిస్తే సరిపోతుంది. ఏసీ గాలి గొట్టం స్పీకర్ మ్యాగ్నెట్‌కి తగులుతూ చప్పుడు చేయడం కూడా ఉంది, అక్కడ కూడా ఫోమ్ ముక్కే మందు.

జాలీ తీసినా గరగర పోకపోతే కోన్ (స్పీకర్ మధ్యలో అదిరే కాగితపు గరాటు) చూడండి. ఎండ నేరుగా పడే చోటు కాబట్టి కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచు ఏళ్లు గడిచేకొద్దీ పొడిపొడిగా రాలిపోతుంది, కాగితం పెళుసెక్కి చిట్లుతుంది. ఫోమ్ బాగానే ఉంటే రెండు బొటనవేళ్లు కోన్‌కి ఇరువైపులా సమానంగా పెట్టి మెల్లగా లోపలికి నొక్కండి. గరుక్కుమని రాపిడి తగిలితే కాయిల్ పక్కకి ఒరిగి మ్యాగ్నెట్‌కి రాసుకుంటోంది, ఆ స్పీకర్ ఆయుష్షు తీరింది. ఇవేవీ కాక, సౌండ్ బాగా పెంచినప్పుడు మాత్రమే చిరుగుతుంటే స్టీరియో బలం చాలక చిరుగుతోంది. పెట్టె మీద 50 వాట్లు అని ఉన్న సెట్టు ఒక్కో ఛానెల్‌కి నికరంగా ఇచ్చేది 20 వాట్లకి అటూ ఇటూ. అలా చిరిగిన సౌండ్‌ని రోజూ వినిపిస్తే చిన్న స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

రెండూ పలుకుతున్నాయి, పాట మాత్రం డొల్లగా ఉంది

బాస్ పలచబడి, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియకుండా ఉంటే, ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడిందేమో చూడండి. ఒక కోన్ బయటికొచ్చేటప్పుడు రెండోది లోపలికి పోతుంది, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. దీన్ని పట్టడానికి పాత ఘంటసాల పాట ఒకటి పెట్టండి. ఆ కాలపు రికార్డింగులు ఎక్కువగా మోనో కాబట్టి రెండు వైపులా ఒకే సౌండ్ రావాలి, ఆయన గొంతు డాష్‌బోర్డు నడిమధ్యలో నిలబడినట్టు వినిపించాలి. అలా కాకుండా గొంతు రెండు పక్కలకీ చెదిరిపోతే ఒక వైపు వైర్లు మార్చి పెట్టి మళ్లీ వినండి. ఏ వైపు తప్పుందో తెలియాలంటే మళ్లీ ఆ పెన్సిల్ సెల్లే: సెల్ ప్లస్‌ని స్పీకర్ ప్లస్‌కి తాకిస్తే కోన్ బయటికి రావాలి.

కాసేపు మోగి ఆగిపోతుంది, స్టీరియో కాలిపోతోంది

ముందు స్పీకర్‌కీ వెనక స్పీకర్‌కీ కలిపి ఒకే జత వైర్లు లాగి ఉంటారు. రెండు 4 ఓమ్స్ స్పీకర్లు అలా కలిస్తే 2 ఓమ్స్ అవుతుంది, మామూలు స్టీరియో ఆ బరువు మోయలేక వేడెక్కి తనంతట తను ఆగిపోతుంది. విడదీసి ఎవరి వైర్లు వాళ్లకి ఇవ్వండి. ఇంకో కారణం, స్పీకర్ మైనస్ వైరుని బాడీకి ఎర్త్ చేయడం. ఇప్పటి స్టీరియోలకి ఇది పనికిరాదు, లోపలి ఆంప్లిఫయర్ చిప్ పోతుంది. స్పీకర్ జతని స్టీరియో నుంచి విడదీసి, ఒక్కో వైరుకీ కారు బాడీకీ మధ్య మీటర్ పెట్టండి, ఏ రీడింగూ రాకూడదు. వస్తే వైరు ఎక్కడో ఇనుముకి రాసుకుని ఒలిచిపోయింది.

ఇంజిన్ రేజ్ చేస్తే కుయ్యిమని సౌండ్ పెరుగుతుంది

స్పీకర్ తప్పు కాదు. ఎక్కువగా స్టీరియో నల్ల వైరు ఎర్త్ సరిగా లేకపోవడమే కారణం. రంగు గీకేసిన శుభ్రమైన ఇనుము మీద గట్టిగా బిగించండి.

మార్చక తప్పదనుకుంటే

చాలా చిన్న కార్లలో డాష్‌బోర్డు చోటు 4 అంగుళాలది, కొన్నిటిలో 3.5. పేరు చూసి కొనకుండా పాతది విప్పి కొలవండి: స్క్రూ రంధ్రాల మధ్య దూరం, అన్నిటికంటే ముఖ్యంగా లోతు. కొత్త స్పీకర్ మ్యాగ్నెట్ లావుగా ఉంటే వెనక గొట్టానికి తన్నుతుంది, మధ్యలో ట్వీటర్ (సన్నటి సౌండ్ పలికే చిన్న స్పీకర్) పైకి పొడుచుకొస్తే జాలీ కూర్చోదు. పాతది చేతిలో పట్టుకుని వెళ్తే మంచిది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ అయినా, బెజవాడ ఆటోనగర్ అయినా. పెట్టె మీద "200 వాట్స్" చూసి పొంగిపోకండి, ఆర్‌ఎంఎస్ (నికరంగా మోయగల వాట్లు) ఎంతో చూడండి, 20 నుంచి 30 ఉంటే ఈ చోటుకి ధారాళం. 4 ఓమ్స్‌దే తీసుకోండి. జతగానే మార్చండి, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే సౌండ్ ఒక పక్కకి లాగుతుంది.

జాలీ లేపేటప్పుడు తొందరపడొద్దు. ఇరవయ్యేళ్ల ప్లాస్టిక్ చలికాలం పొద్దున పుటుక్కున విరుగుతుంది, బండిని కాసేపు ఎండలో పెట్టి మెత్తబడ్డాక పనికిరాని ఏటీఎం కార్డుకి గుడ్డ చుట్టి అంచు నుంచి లేపండి. విరిగితే ఆ జాలీ దొరకడం స్పీకర్ దొరకడం కంటే కష్టం. స్క్రూ రంధ్రం అరిగిపోయి ఉంటే కొంచెం లావు స్క్రూ వాడండి, ప్లాస్టిక్‌లో ఎంత గట్టిగా బిగిస్తే అంత తొందరగా పగులుతుంది. స్పీకర్ అంచు కింద ఫోమ్ రింగు వేస్తే అదురు తగ్గి సౌండ్‌కి నిండుదనం వస్తుంది. జాలీ బిగించకముందే ఒకసారి పాట పెట్టి రెండు వైపులా వినండి.

చివరి పని స్టీరియో సెట్టింగ్. ఇంత చిన్న స్పీకర్ నుంచి డప్పు మోతలు ఆశిస్తే దాన్ని చంపుకున్నట్టే. సెట్టులో హై పాస్ ఫిల్టర్ (కింది బాస్‌ని ఆపే సెట్టింగ్) ఉంటే ముందు స్పీకర్లకి 100 లేదా 120 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. పాత సెట్టులో ఆ సదుపాయం లేకపోతే ఒక్కో స్పీకర్ ప్లస్ వైరు మధ్యలో 220 మైక్రోఫారడ్ నాన్ పోలార్ (ప్లస్ మైనస్ తేడా లేని) కెపాసిటర్ ఒకటి వేయండి, 4 ఓమ్స్ స్పీకర్‌కి సుమారు 180 హెర్ట్జ్ నుంచి కింది బాస్ తగ్గుతుంది. మామూలు పోలార్ కెపాసిటర్ వేయకండి, పేలొచ్చు. బాస్ సంగతి వెనక స్పీకర్లు చూసుకుంటాయి.